మీరు, నువ్వు, యూ

క్రిస్మస్ ముందటి ఆదివారం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో బయట ఎండ కాస్తోంది, టీవీ సినిమాలో మంచు కురుస్తోంది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఆఫీసు స్నేహితుడు ఆమె సోఫాకు ఆ చివర కూర్చున్నాడు, ఆమె ఈ చివర.

“చూడండి, ఇప్పుడీ అమ్మాయి సిటీలో జాబ్ మానేస్తుంది,” అంది ఆమె.

“మానేస్తే వీసా ఎలాగండీ?”

“ఆవిడ ఇక్కడే పుట్టిందండీ బాబూ! ఆ క్రిస్మస్ చెట్లమ్మే అతని కోసం ఈ ఊళ్లోనే ఉండిపోతుంది. ప్రతి సినిమాలో ఇంతే.”

“అసలు ప్రేమ ఎప్పుడు మొదలైంది? నేను మిస్సయ్యానా?”

“ఇంగ్లిష్‌తో అదే చిక్కు. మొదటి రోజూ యూ, చివరి రోజూ యూ. మనకైతే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిన చోట తెలిసిపోతుంది.”

అతను నవ్వలేదు. తెర మీది మంచు అతని కళ్లద్దాల్లో మెల్లగా రాలుతోంది. ఈ ‘అండీ’ ఇంకెన్నాళ్లు వింటానో అనుకుంది ఆమె.

“వర్జీనియాలో ఆ ఆష్‌బర్న్ జాబ్‌కి ఓకే చెప్పేశారా?” అని అడిగింది.

“ఇంకా లేదండీ. ఇక్కడెవరైనా ఉండమంటారేమోనని చూస్తున్నా.”

“అలా ఎవరడుగుతారండీ, సినిమాల్లో తప్ప?”

తెర మీది జంట సరిగ్గా ముద్దు పెట్టుకోబోతుండగా యాడ్ వచ్చింది. అతను లేచాడు.

“అల్లం టీ పెడతాను. తాగుతావా?”

అనేసి, తన మాట తనకే వినబడి, అక్కడే నిలబడిపోయాడు. కిటికీ అవతలి ఎండలో కూడా మంచు రాలుతున్నట్టే ఉంది ఆమెకు.

“తాగుతాను,” అంది. “ఉండిపో.”