ఇల్లు కదలని యాత్రికుడు

లాక్‌డౌన్‌లో మరమగ్గాలు ఆగిపోయి, నేతకార్మికుల పేట బమ్రోలి మూగబోయింది. పూర్వకాలపు యూదు యాత్రికుడి పుస్తకాన్ని రోజూ నాయనమ్మకు చదివి వినిపిస్తున్న మనవరాలు, ఇక దాచలేక మధ్యలో ఆపేసింది.

“ఇది దొంగ పుస్తకమట, నాయనమ్మా. ఎన్నో ఏండ్ల తర్వాత ఎవడో ఇంట్ల కూసుండి, ఆ యాత్రికుని పేరు పెట్టి రాసిండట.”

“ఎవరు చెప్పిండ్రు?”

“మా కాలేజీ సార్. అది దొంగదని రుజువు చేస్తూ నేను వ్యాసం రాయాలె.”

“ఇల్లు కదలకుండనే మనల గన్ని దేశాలు తిప్పిండా?”

“అవును. మోసమే గదా?”

“మోసమే, బిడ్డా. గట్లనే రాయి, మార్కులు పోగొట్టుకోకు.”

తేలికపడిన మనవరాలు పుస్తకం మూయబోయింది. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“జర ఆగు! నడి సముద్రంల పడవ ఆపినవ్. ముందుగాల నన్ను ఒడ్డుకు చేర్చు, తర్వాత రాసుకుందువు.”