ముందు తన నోరు తెరిచిన అబిగయీలు గారు

1990 జులై పదహారవ తేదీన బోగోలు ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తగా ఉద్యోగ ప్రవేశం చేసిన శ్రీమతి అబిగయీలు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భాన, వారిని అభినందించే భాగ్యం, ఆఫీసులో ఇంతమంది ఉండగా, వారిని చూసి నిత్యం కుళ్లుకునే గణాంకాధికారి సంజీవరావుకే దక్కింది. ఈ వ్యాసకర్త అతడే.

2008లో తీరప్రాంత కేన్సర్ పర్యవేక్షణ విభాగం ఏర్పడినప్పుడు ఇద్దరూ అందులోకి బదిలీ అయ్యారు. ప్రపంచంలో ఏ దేశాన ఏ కేన్సర్ ప్రబలుతున్నదో, ఎక్కడి గాలి, నీరు, పొగాకు అందుకు కారణమవుతున్నాయో రంగురంగుల పటాలతో వివరించడం అతని విధి. ఊరూరా తిరిగి జనం నోళ్లు పరీక్షించడం ఆమె విధి. అతని పటాలు చూసి జనం ఆవులించేవారు. అతడు పరీక్షిస్తానంటే మాత్రం పెదవి విప్పేవారు కారు. అదే జనం అబిగయీలు గారి ముందు వరుస కట్టేవారు. ఒళ్లు మండదా మరి!

టార్చిలైటు ఎదుటివారి చేతికిచ్చి, "ముందు నా నోరు చూడండమ్మా, ఆనక మీది నేను చూస్తా" అంటూ తామే నోరు తెరవడం అబిగయీలు గారి పద్ధతి. ఇదేం నాటకమని సంజీవరావు మూతి ముడిచేవాడు. తీరా వారి తరువాత శిబిరాల బాధ్యత తనదేనని తెలిశాక అతని గుండె జారింది. జనం తనకు నోరు చూపకపోతే, మొదట్లోనే నయమయ్యే జబ్బు ముదిరేదాకా బయటపడదు.

అందుచేత గత మాసపు శిబిరంలో అసూయను దిగమింగి, ఎండుచేపలమ్మే బీజాన్ చేతికి టార్చి ఇచ్చి తానూ నోరు తెరిచాడు.

"అక్కా! ఈ సారుకి బుగ్గలోపల తెల్లమచ్చ ఉండాదే! ఊరందరికీ పొగాకు వొద్దని చెప్పి, ఈయన నమల్తా ఉండాడా ఏంది?"

బీజాన్ పక్కనే ఉన్న అబిగయీలు గారిని అడిగేసరికి అందరూ గొల్లున నవ్వారు. జేబులోని ఖైనీ పొట్లం మీదికి అతని చేయి దానంతటదే పోయింది. ఆ నవ్వుల్లోనే బీజాన్ మొదలుకొని ఒక్కొక్కరే వచ్చి అతనికి నోరు చూపించారు. నవ్వనిది అబిగయీలు గారొక్కరే.

"నడవండి సార్ నెల్లూరికి. పరీక్ష అయినాకే అన్నం" అని వారే ఆస్పత్రికి తీసుకుపోయారు. మచ్చ ఇంకా కేన్సరుగా మారలేదనీ, అశ్రద్ధ చేసి ఉంటే మారేదేమోననీ డాక్టరు చెప్పారు. ఖైనీ ఆ పూటే మానేశాడు. చివరికి తన ప్రాణం కాపాడిన ఖ్యాతి కూడా ఆమెకే పోయిందని సంజీవరావుకు ఈనాటికీ కడుపుమంటే.

అబిగయీలు గారు భర్త సుశీల్ కుమార్ గారితో కలిసి సుఖశాంతులతో, సంపూర్ణ ఆరోగ్యంతో వర్ధిల్లాలనీ, ఈ వ్యాసకర్త కన్నా ఎక్కువ కాలం జీవించాలనీ అతడు మనసారా కోరుకుంటున్నాడు. ఈ ఒక్క విషయంలో అతనికి అసూయ లేదు.