అవతలి ఒడ్డు ఫోటో

వరద తీసిన మర్నాడు దర్జీ ఆవిడ తన ముందు గదిలో బురద ఎత్తిపోస్తుంటే, మెడలో కెమెరాతో ఒక ఫోటోగ్రాఫరు గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, గోడ మీద ఆ నీటి గీత ఫోటో తీసుకోనా?”

“తీసుకో తమ్ముడూ. మా మామగారి రోజుల్లో గడప దాటని నీళ్లు, ఈసారి కిటికీ ముంచేశాయి.”

“నాలుగేళ్లుగా ఊరూరా ఇవే తీస్తున్నాను. ఏటికేడూ గీత పైకే పోతోంది.”

“అవతలి ఒడ్డుకి గానీ వెళ్లావా?”

“పొద్దున్నే వెళ్లొచ్చాను. మీవాళ్లున్నారా అక్కడ?”

“మా ఆయన. పంపుహౌసులో డ్యూటీకని వెళ్లిన మనిషి. ఫోను కలవక మూడు రోజులైంది.”

“పంపుహౌసు వాళ్లని బడి మేడ మీదకి చేర్చారక్కా. ఫోటోలున్నాయి, చూడండి.”

“ఈయన కాదు. ఈయనా కాదు. ఆగాగు, వెనక్కి తిప్పు. అద్దం పట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడే, ఆ మనిషిని పెద్దగా చూపించు.”

“ఈయనా? భలే నవ్వించాడక్కా. ఈ గడ్డంతో వెళ్తే మా ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుందన్నాడు.”

“ఆ మాటన్నాడా?”

“అన్నాడు. చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఏడవకండి.”

“ఏడుపు కాదులే. మూడు రోజులుగా ముద్ద దిగలేదు, ఇప్పుడు ఆకలేస్తోంది. మళ్లీ పడవెప్పుడు?”

“గంటలో.”

“అయితే నీ ఫోటోలు నువ్వు తీసుకుంటూ ఉండు. నేను కాళ్లు కడుక్కుని వస్తాను.”