బంతి భోజనాలకి మూడు పాలసీలు

తిట్టండి టీచరుగారూ, తిట్టండి. ఆయ్, తిట్టించుకోడానికే షాపు మూసుకుని వచ్చేను. కానీ ముందు ఆ ఫోను కట్టెయ్యండి. అందులో అమ్మాయి గొంతు "ఆకు ముందు మనిషి, ఆకు ముందు మనిషి" అని చదువుతుంటే నాకే ఒళ్ళు మండిపోతోంది.

మొన్నటిదాకా ఎంత కమ్మగా చదివేది! "పద్మావతిగారు, ఆవిడ తోడికోడలు, ఇద్దరి మధ్యా ఓ కుర్చీ ఖాళీ" అనేది. ఇప్పుడు ఊరు ఊరంతా మనిషైపోయింది. ఆడా మగా లేదు, పేరూ ఊరూ లేదు. నేనే మార్చేనండీ. నిన్నంతా కూచుని ఒక్కో ఫోటో వెనకాల రాతా నా చేత్తో నేనే చెరిపేను.

ఎందుకంటారేంటి? ఊళ్ళో అంత గోల జరిగితే మీ దాకా రాలేదా? సుందరమ్మ టీచరుగారికి తెలీకుండా ఈ ఊళ్ళో కోడి కూడా కూసేది కాదు ఒకప్పుడు.

అసలు నాదేం వెబ్‌సైటండీ! చీరలకి ఫాల్స్ కుట్టుకునేదాన్ని. పెళ్ళన్నా, ఓణీల ఫంక్షనన్నా, గృహప్రవేశమన్నా నాకు పిలుపుంటుంది, ఆ ఇంటి చీరలన్నీ నా మిషను మీంచే వెళ్తాయి గనక. వెళ్ళినచోటల్లా భోజనాల బంతి ఫోటో తీసుకుని, నాలుగు ముక్కలు రాసి పెట్టుకున్నాను. "కోనసీమ బంతి" అని పేరు. పైసా రాదు. సరదా. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందా, బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోసేరా, దూరంనుంచి చూపించి వెళ్ళిపోయేరా, ఇదీ నా గొడవ.

దానికి పాలసీలు పెట్టమన్నదెవరనుకున్నారు? ప్లీడరు హరిబాబుగారు! వాళ్ళావిడ చీర పట్టుకెళ్ళడానికొచ్చి, "కుమారీ, వెబ్‌సైటన్నాక పాలసీలుండాలమ్మా. లీగలు ఒకటి, ప్రైవసీ ఒకటి, యాక్సెసిబిలిటీ ఒకటి. రేపెవడైనా నోటీసిస్తే ఏం చేస్తావు?" అన్నారు. ఫాల్స్ కుట్టేదానికి నోటీసెవడిస్తాడండీ అని నవ్వేను. ఎవడో ఎందుకు, ఆయనే ఇచ్చేరు. ఉండండి, అక్కడికే వస్తున్నాను.

లీగలుది నేనే రాసేను. "ఈ ఫోటోలు చూసి ఆకలేస్తే మా పూచీ లేదు. కూర బాలేదని రాస్తే అది నా నాలిక సంగతి, వంటాయన మనసులో పెట్టుకోవద్దు. తగాదా ఉంటే ముందు షాపుకి రండి, టీ తాగేక మాట్లాడుకుందాం." బాలేదా? హరిబాబుగారు దాని చివర "అమలాపురం న్యాయస్థానాల పరిధికి లోబడి" అని తగిలించేరు. టీ తాగడానికి కూడా పరిధేనంటండీ!

ప్రైవసీ మాత్రం ఆయనే రాసిచ్చేరు. "వ్యక్తుల సొంత విషయములు మూడవ వ్యక్తికి తెలుపబడవు." ఎక్కడండీ? కోనసీమలో! బస్సులో పక్కన కూచున్నావిడ కొత్తపేట రాకముందే మన మేనత్త ఇంటిపేరు లాగేస్తుంది. "ఎవరి తాలూకా అండీ?" అనకుండా మనవాళ్ళు గ్లాసుడు మంచినీళ్ళయినా ఇస్తారా? సరే, పెద్దమనిషి రాసిచ్చేడు కదా, ఎవరు చదివి చచ్చేరు అని పెట్టేసేను.

మూడోది దగ్గరే వచ్చింది చిక్కు. "దృష్టిలోపము గలవారికి తగు సౌకర్యము కల్పించబడును" అని రాసేరాయన. అది చూసేసరికి నాకు మీరు గుర్తొచ్చేరు.

ఆ రోజు పెళ్ళిలో, మీ చెయ్యి పొరపాటున పక్కవాళ్ళ ఆకులో పడిందే, ఆ రోజు. ఎవరో కిసుక్కున నవ్వేరు. మీరు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. మళ్ళీ ముద్ద ముట్టలేదు. అంతే, తర్వాత ఏ బంతికీ రాలేదు. షుగరు మీ చూపు తీసుకెళ్ళినా చర్చి మానలేదు, పిల్లలకి ఎక్కాలు చెప్పడం మానలేదు. ఒక్క నవ్వుకి మాత్రం భోజనాలు మానేసేరు.

అందుకని ఆ ముక్క కొట్టేసి నేనే రాసేనండీ. "చూపున్నవాళ్ళకి ఏం తెలుస్తుందో లేనివాళ్ళకీ అదంతా తెలియాలి. ఒక్క ముక్క తగ్గకూడదు" అని. పాలసీలు పదిమంది కోసం అంటారు. నాది మీ ఒక్కరి కోసం.

ఫోటో వెనకాల కనపడకుండా రాత పెట్టొచ్చండీ. చూసేవాళ్ళు ఫోటో చూసుకుంటారు, మీ ఫోనులో అమ్మాయి ఆ రాత చదువుతుంది. మొదట్లో మర్యాదగానే రాసేను. "అరిటాకు. పులిహోర. ముద్దపప్పు. కందబచ్చలి." మీరేమన్నారు? "ఆకులో పులిహోర ఉంటుందని నాకు తెలీదుటే? పక్కనెవరు కూచున్నారు? ఎవరెవరికి మాటల్లేవు? అవి రాయి" అన్నారా లేదా? నవ్వకండి. అన్నారు.

ఇంక నేనాగుతానా! "పద్మావతిగారు. కొత్త పట్టుచీరట. నేను ఫాల్ కుట్టి నాలుగేళ్ళయింది." "బంగారరాజుగారు. షుగరు లేదంటూ మూడో బూరె. వాళ్ళావిడ స్తంభం అవతలుంది." "ప్లీడరు హరిబాబుగారు. లాల్చీ జేబు ఉబ్బుగా ఉంది. గుండెజబ్బు కాదు, కాజాలు."

అబద్ధమా ఏమన్నా? కళ్ళున్న ప్రతివాళ్ళూ చూసిందేగా. చూసి, ఇంటికెళ్ళి చెప్పుకున్నదేగా. మీకొక్కరికే చెప్పేవాళ్ళు లేరు, నేను చెప్పేను.

కొంప ముంచింది ఆ వాయుగుండం! కరెంటు వస్తూ పోతూ, సిగ్నలు ఒక్క గీత, కాలు బయటపెడితే మోకాల్లోతు నీళ్ళు. జనానికి పనేముంది? అప్పుడే నేను సైట్లో బంగారరాజుగారి అబ్బాయి పెళ్ళి బంతి పెట్టి ఉన్నాను. ఫోటోల్లో మనమెలా పడ్డామో చూసుకుందామని ఊరంతా ఒక్కసారే తెరిచేరు. ఫోటో బరువు కదండీ, ఆ గీత మీద రాలేదు. రాత తేలిక. గబగబా వచ్చేసింది! ఫోటో ఉండాల్సిన ప్రతి గడిలోనూ నా రాతే. నాకేం తెలుసండీ, ఫోటో రాకపోతే వెనకాలది ముందుకొస్తుందని!

ఆ ఒక్క పూటా ఊరంతా మీలాగే అయిపోయేరు టీచరుగారూ. ఒక్క ఫోటో కనపడలేదు, అన్నీ తెలిసిపోయేయి.

బంగారరాజుగారికి వాళ్ళావిడ అన్నం బదులు జొన్నరొట్టి పెడుతోందిట. పద్మావతిగారు ఫాల్ కుట్టమని ఇచ్చిన చీరలన్నీ వెనక్కి పట్టుకెళ్ళిపోయేరు, ఇంకెక్కడో కుట్టించుకుంటారుట. హరిబాబుగారు మాత్రం మంచి కాయితం మీద టైపు కొట్టించి నోటీసిచ్చేరు. ప్రైవసీ పాలసీ ఉల్లంఘన, రాతలన్నీ తీసెయ్యాలి, లేదా సైటు మూసెయ్యాలి. పాలసీ రాసినాయనే, నోటీసు ఇచ్చినాయనే, కాజాలు తిన్నాయనే!

హరిబాబుగారు వాళ్ళింటి అరుగు మీదికి పిలిపించేరండీ నన్ను. అందరూ వచ్చేరు, ఊరందరి ముందూ నించున్నాను. నేనూ ఊరుకోలేదు. "ఒక పాలసీలో చెప్పొద్దన్నారు, ఇంకోదాంట్లో దాచొద్దని ఉంది. రెండూ మీరు పెట్టమన్నవే. ఏది ముందండీ?" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని "ప్రైవసీయే ముందు" అన్నారు. ఎవరికండీ ముందు? ఆయన జేబుకి ముందు.

నిజం చెప్తున్నాను, సైటు మూసేద్దామనే అనుకున్నాను. మూసేస్తే మీకు ఆ "ఆకు ముందు మనిషి" కూడా ఉండదు. అందుకని ఒప్పుకుని, చెరిపేను. అదీ జరిగింది. పిరికిదాన్నంటే అనండి. మీరు బెత్తం పట్టుకున్న రోజుల్లోనూ పిరికిదాన్నే.

కానీ ఇంకో సంగతుందండీ. అది చెప్దామనే అసలు వచ్చేను.

ప్రతి బంతిలోనూ ఆఖరి ఫోటోకి ఓ వాక్యం ఉండేది కదా. "టీచరుగారేరీ, రాలేదా అని అడిగేరు." ఒకచోట పద్మావతిగారు అడిగేరని, ఒకచోట హరిబాబుగారు, ఒకచోట బంగారరాజుగారు.

ఎవరూ అడగలేదు టీచరుగారూ.

ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మొదటిసారి మీకు ఫోను చేసి పెళ్ళి సంగతులన్నీ చెప్పేక, మీరు "నన్నెవరైనా అడిగేరే?" అన్నారు. నా నోటికి లేదని రాలేదండీ. "ఆయ్, అడిగేరండి" అన్నాను. ఇంక అక్కణ్ణుంచి రాస్తూ వచ్చేను. ఆ సైటు మొత్తంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

మొన్న అరుగు మీద హరిబాబుగారు నా రాతలన్నీ కాయితం మీదకి ఎక్కించుకొచ్చి, కోర్టులో చదివినట్టు ఒక్కోటీ చదివేరండీ. చీర సంగతి చదివితే పద్మావతిగారు "పచ్చి అబద్ధం" అన్నారు. బూరె సంగతికి బంగారరాజుగారు "రెండే తిన్నాను" అన్నారు. కాజాల దగ్గర ఆయనే ఆగి, "ఇది పరువునష్టం" అన్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. నిజమన్నది ఒక్కటి మిగల్లేదు.

చివరికి ఆ వాక్యం వచ్చింది. "టీచరుగారేరీ అని అడిగేరు." ఇప్పుడంటారు, మేమెప్పుడడిగేం, ఇదీ నీ కల్పనే కదా అంటారు, అది మీ చెవిన పడుతుంది అనుకున్నాను.

పద్మావతిగారు కొంగు సర్దుకున్నారు. హరిబాబుగారు కాయితం మడిచి, "అడక్కేం? మనందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి" అన్నారు. బంగారరాజుగారు "నేను రెండుసార్లు అడిగేను" అన్నారు! రెండుసార్లట! బూరెలు తగ్గించేరు, అడగడం పెంచేరు.

చూసేరా? రాసిన నిజాలన్నీ అబద్ధాలైపోయేయి. ఒకే ఒక్క అబద్ధాన్ని ఊరంతా నిజమని ఒప్పేసుకున్నారు.

ఏంటీ? తెలుసా మీకు?

ఎలా? ... ప్రతిచోటా అదే మాట రాసేనా! మాట పొల్లుపోకుండా అందరూ ఒకేలా అడిగితే కాపీ కొట్టినట్టేనంటారా? అయ్యో నా మతి మండా! ముప్ఫైమంది పేపర్లు ఒకేలా ఉంటే పట్టుకునే మనిషికా నేను అబద్ధం రాసింది! మరి తెలిసీ అన్నాళ్ళూ ఎందుకూరుకున్నారండీ? ఆ చివరి ఫోటో రెండేసిసార్లు చదివించుకునేవారని మీ తమ్ముడు ఏసుపాదంగారు చెప్పేరే నాతో.

సరే, ఊరుకుంటాను. మీరూ ఊరుకోండి. కొంగుతో తుడుచుకోండి, ఇక్కడ ఫోటో తీసేవాళ్ళెవరూ లేరు.

ఇదిగో, చెయ్యిలా ఇవ్వండి. ఇది శుభలేఖ. బంగారరాజుగారి రెండో అమ్మాయిది, ఆదివారం. తనొచ్చి ఇవ్వడానికి మొహం చెల్లక నాచేత పంపేరు. రెండుసార్లు అడిగిన మనిషి కదా, ఇంక పిలవక చస్తాడా! మీ ప్రార్థన అయ్యేక నేనే వస్తాను. ఆ మావిడిపిందెల అంచు చీర కట్టుకోండి, ఫాల్ ఊడితే ఇప్పుడే ఇచ్చెయ్యండి.

నా పక్కన కూచుందురుగాని. మీ ఆకెక్కడ అయిపోతుందో, పక్కాకెక్కడ మొదలవుతుందో, వేలు పట్టుకుని చూపిస్తాను. ఎవరిదేం చీరో, ఎవరి జేబులో ఏముందో, అన్నీ మీ చెవిలో చెప్తాను.

ఈసారి ఎవరైనా నవ్వేరనుకోండి, పేరూ ఇంటిపేరూ కూడా చెప్తాను. గట్టిగానే చెప్తాను. హరిబాబుగారి పాలసీ సైటుకే కదండీ, నా నోటికి కాదుగా.