బావా, ఇటు!

ఆ వీడియో ఇంకెన్నిసార్లు వేస్తారు సార్? పొద్దుట్నుంచి ఇది ఏడోసారి. నెమ్మదిగా వేశారు, దగ్గరికి లాగి వేశారు, వెనక్కి తిప్పి కూడా వేశారు. ఎలా వేసినా బంతి నా చేతుల్లోంచే వెళ్తుంది, అవతలి టీమువాడి చేతుల్లోకే పోతుంది. ఇందులో వెతకడానికి ఇంకేముందండీ?

అమ్ముడుపోయానంటారు. నేనా! నన్ను కొనేదెవడండీ బాబూ? పదిహేనేళ్ళలో పదకొండు టీములు మారాను. ఒక్కడైనా కోరి తీసుకున్నాడా? ఎవడికో మోకాలు పోతే, ఇంకెవడో అలిగి మూట కట్టుకుంటే, అప్పుడు నాకు ఫోను వచ్చేది. అందుకే నన్ను స్టెప్నీ అంటారు. మీ ఎంక్వైరీ ఫైల్లో కూడా ఉండే ఉంటుంది, అసలు పేరు పక్కన. ఉందా? ఆఁ, అనుకున్నాను.

నవ్వండి, ఫర్వాలేదు. నేనూ నవ్వేవాణ్ణి. ఏ ఊరెళ్ళినా అద్దెగదిలో మంచం నాకంటే జానెడు పొట్టి. లాకరు తలుపు మీద పాతవాడి పేరు గీకి, నా పేరు అంటించేలోగా నేను బస్సెక్కేసేవాణ్ణి. ఒక టీములో అయితే ఏడాదంతా వేరేవాడి పేరున్న చొక్కాతోనే ఆడాను. జనం వాడి పేరు పెట్టి తిట్టేవాళ్ళు. నాకేం, హాయిగా ఉండేది.

ఇక మా ఓనరుగారు. సంతకాలప్పుడు నా భుజం తట్టి, "మీ ఆట చిన్నప్పట్నుంచి చూస్తున్నానండీ" అన్నాడు. ఇప్పుడేమో ఆ మనిషెవరో నాకు తెలీదని పేపరువాళ్ళకి చెప్పాడట. నిజమే చెప్పాడు, పాపం.

మా హీరో సంగతి చెప్పమంటారా? వద్దులెండి. బంతి జారినా, గురి తప్పినా తప్పు నేలదే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ నేల మార్పించండని వాడు మూడు ఉత్తరాలు రాశాడు. నేను ఆ నేల మీదే కదా ఆడింది!

ఆఁ... అడిగినదానికే చెప్పమంటారు. చెప్తాను. మీరు ఎప్పుడూ బాస్కెట్‌బాల్ పట్టుకున్న మనిషిలా లేరు, కాబట్టి మొదట్నుంచీ చెప్తాను.

ఒక్క పాయింటు ముందున్నాం. ఎనిమిది సెకన్లు మిగిలాయి. బంతి మాదే, గీత బయట నిలబడి లోపలికి వేయాలి. వేయడానికి ఐదు సెకన్లే టైము. మావాడెవడైనా పట్టుకుని గుండెలకి హత్తుకుంటే చాలు, గెలిచినట్టే.

సీజనంతా నా మొహం చూడని కోచ్, అప్పుడు బెంచి దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వే వెయ్యాలి" అన్నాడు. అన్నట! అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఎందుకు నన్నే పిలిచాడో తెలుసా? నేను పరిగెత్తలేను, ఎగరలేను, ఒప్పుకుంటాను. కానీ ఈ చేతుల్లోంచి బంతి ఇవ్వవలసినవాడికి కాకుండా వేరేవాడికి పోయిందని పదిహేనేళ్ళలో ఒక్కడు అనలేదు. నాకున్న ఆస్తల్లా అదే.

ఆ కాగితం మళ్ళీ ఎందుకండీ నా ముందుకి తోస్తారు? చదివాను. లాయరుగారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. "హోరులో గొంతు గుర్తుపట్టలేక, మా ఆటగాడే పిలిచాడనుకుని, పొరపాటున బంతి ఇచ్చాను." దీని కింద సంతకం పెడితే మూడు నెలలు ఆడకూడదు, అంతే. ఎలాగూ నా ఆట అయిపోయింది. బళ్ళో పిల్లలకి ఆట నేర్పే ఉద్యోగం ఒకటి దొరికింది, సెలవులయ్యాక చేరమన్నారు. సంతకం పెట్టకపోతే జీవితాంతం నిషేధం. బళ్ళో కూడా బంతి ముట్టుకోనివ్వరు. తెలుసండీ. లాయరుగారు నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు.

మీ అనుమానం ఏంటో కూడా తెలుసు. అవతలివాడు మీకు చుట్టమట కదా అని ఇందాకట్నుంచి తిప్పి తిప్పి అడుగుతున్నారు. తిప్పడమెందుకు? చుట్టమే. నా భార్య తమ్ముడు. నాకు స్వయానా బావమరిది. నేనెప్పుడైనా దాచానా?

నాలుగో టీములో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. మ్యాచులకి వాళ్ళక్క వచ్చేది. అబ్బో, ఆ గొంతు! ఆవిడ చూసే జనంలో ఉందంటే రిఫరీలు విజిల్ వేయడానికి జంకేవాళ్ళు. పెళ్ళి మాటే లేనప్పుడు వీడు నన్ను ఏడిపించడానికి బావా అని మొదలుపెట్టాడు. చివరికి అదే నిజమైంది. ఆటలో కూడా అంతే. "బావా, ఇటు!" అనేవాడు. నేను తల తిప్పకుండానే ఇచ్చేవాణ్ణి. రెండేళ్ళు ఆడాం అలా. నా జీవితంలో ఆట అంటూ ఆడింది ఆ రెండేళ్ళే.

నీళ్ళు వద్దండీ. బానే ఉన్నాను.

ఆరేళ్ళ కిందట ఆవిడకి ఆపరేషను. చిన్నదే అన్నారు. నేను ఏడో టీములో ఉన్నాను, వేరే ఊళ్ళో. ఆ కోచ్ ఏమన్నాడంటే, ఈ ఒక్క మ్యాచి ఆడి వెళ్ళు, వచ్చే ఏడు నిన్ను ఉంచాలో లేదో ఇవాళే తేలిపోతుంది అన్నాడు. ఆవిడకి ఫోను చేశాను. "ఆడే రా, నేనెక్కడికి పోతాను" అంది. అందుకని ఉండిపోయాను. ఎంతసేపు ఆడించారో తెలుసా? నాలుగు నిమిషాలు. గెలుపు ఖాయమయ్యాక, మిగతావాళ్ళు అలసిపోయారని. వచ్చే ఏడు ఉంచనూ లేదు.

నేను ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది సార్.

వరండాలో వీడొక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి, "వచ్చారా? కూర్చోండి" అన్నాడు. అంతే. చొక్కా పట్టుకుని నాలుగు తన్నినా బాగుండేది. నా నోట్లో నోరు పెట్టి వాగేవాడు, నా కంచంలోంచి లాక్కు తినేవాడు, అలాంటివాడు నన్ను మీరు అన్నాడు. మీరు కూడా పొద్దుట్నుంచి నన్ను మీరనే అంటున్నారు. మీది మర్యాద. వాడిది వేరు. అది వినబడినప్పుడల్లా గుమ్మంలోంచి బయటికి నెట్టినట్టు ఉంటుంది.

ఆరేళ్ళుగా ఎక్కడ ఎదురుపడినా అదే. చెయ్యి కలుపుతాడు. "బాగున్నారా అండీ?" అంటాడు. బాగున్నానండీ అంటాను. ఏం చేస్తాం మరి?

సరే, మీక్కావలసిన ఐదు సెకన్లకి వస్తాను. గీత బయట నిలబడ్డాను. మావాళ్ళు నలుగురూ మనిషి చాటున మనిషి ఇరుక్కుపోయారు. మా హీరో అయితే చెయ్యి కూడా ఎత్తలేదు. రిఫరీ చేత్తో లెక్కపెడుతున్నాడు. రెండు, మూడు. ఎడమ పక్క నుంచి వినిపించింది.

"బావా, ఇటు!"

చూశారా, వీడియోలో లేదు ఆ మాట. ఎన్నిసార్లు వేసినా వినబడదు. జనం గోల ఉంది, అంతే.

గొంతు గుర్తుపట్టలేకపోయానట! మా టీములో నన్ను బావా అనేవాడెవడండీ? వాళ్ళ టీము పసుపు చొక్కా కూడా కనబడింది. బంతి చేతిలోంచి వెళ్ళకముందే కనబడింది. ఇది ఎర అని కూడా తెలిసింది. అంత వెర్రివాణ్ణేం కాదు. ఇస్తే ఏమవుతుందో తెలుసు, మావాళ్ళు ఏడాదంతా చేసిన చాకిరీ బూడిదలో పోసినట్టని తెలుసు. తెలిసే ఇచ్చాను. సరిగ్గా గుండె ఎత్తులో, వాడికి కుడిచేతి వాటం కాబట్టి ఒక వేలెడు కుడికి. పట్టుకోవడానికి వాడు కదలక్కర్లేకపోయింది. గెంతాడు, బుట్టలో వేశాడు, అయిపోయింది.

విజిల్ వేశాక అందరితో పాటు నా దగ్గరికీ వచ్చాడు. నేను ఏదేదో అనుకున్నాను లెండి. సిగ్గులేదు మనిషికి! చెయ్యి కలిపాడు. నా మొహం చూడకుండా, "థాంక్సండీ" అన్నాడు.

అంతే సార్. ఆ ఒక్క పిలుపు కోసం పదకొండు మంది నోట్లో మట్టి కొట్టాను. నాకంటే నీచుడు మీ ఫైళ్ళలో ఉన్నాడేమో చూడండి.

పెన్ను ఎందుకడిగానంటే, ఒక మాట కొట్టేయాలి. పొరపాటు అని ఉంచుకోండి, తెలివితక్కువతనం అని రాసుకోండి, ఆ ఉద్యోగం ఇంకెవడికైనా ఇచ్చుకోమనండి. వాడి గొంతు నేను గుర్తుపట్టలేదని మాత్రం రాయకండి. దానికంటే అమ్ముడుపోయానని రాయండి, సంతకం పెట్టేస్తాను.