నాన్న జీతం

బేకరీ షట్టర్ తెరిచి ఉన్నా ఓవెన్ వెలిగించలేదు. తండ్రి చనిపోయిన నెలకు, అక్కా తమ్ముడూ పిండి బల్లకు చెరోవైపు కూర్చున్నారు.

“రోజుకు ఎనభై బ్రెడ్లు అమ్మితే ఖర్చులన్నీ వచ్చేస్తాయి. ఆపైన అమ్మిందంతా లాభమే. ఈ లెక్క నువ్వే కదక్కా నేర్పావు?”

“నేనే. అందులో నాన్న జీతం వేశావా?”

“నాన్నకి జీతమేంటి? ఆయనెప్పుడూ తీసుకోలేదుగా.”

“ఇప్పుడు నాన్న బదులు పిండి కలపడానికి వచ్చేవాడు ఊరికే చేస్తాడట్రా?”

“చెయ్యడు. వాడి జీతం కూడా వేస్తే నూట ముప్పై అమ్మాలి.”

“మనం అమ్మేది?”

“ఎంత మంచిరోజైనా వంద దాటదు.”

“అంటే ఇన్నేళ్లూ మనం లాభమనుకుని తిన్నది నాన్న కష్టమేరా.”

“ధర పెంచితే?”

“ఎదురు బేకరీవాడు నీకు శాలువా కప్పుతాడు.”

“వెటకారం ఆపు. ఇంకో దారుందక్కా. లెక్క మళ్లీ ఎనభైకే దిగుతుంది.”

“ఏంటది?”

“పిండి తనే కలుపుతానంటోంది అమ్మ. మోకాళ్ల నొప్పి తగ్గిపోయిందట.”

అక్క బల్ల దగ్గర్నుంచి లేచింది.

“ఆ షట్టర్ దించెయ్యరా. అమ్మ వచ్చేలోపే.”