కృపాదానం అయ్యోరి ఎడమ చెవి

ఏంది అమ్మణ్ణీ, ఐదు స్పీకరు పెట్టెలు తెచ్చినావా? ఒక్క పాటకి ఐదా! ముందర మూడు, వెనక రెండు, నడిమధ్య మీ ఆయన. బాగుంది. బిగిస్తాలే, తాత చేతులింకా పడిపోలా. అయితే అనూషా, ఒకటి చెప్పు, మీ ఇంట్లో అందరికీ రెండు చెవులూ పనిచేస్తాయి గదా? నవ్వబాకే. ఒక్క చెవి వల్ల నా పేరు మట్టిగొట్టుకుపోయింది.

కృపాదానం అయ్యోరని ఉండేవాడు. బళ్ళో లెక్కలు చెప్పేవాడు, మన విడవలూరు చర్చిలో క్వయరు ఆయనదే. నువ్వప్పుడు పలక పట్టుకొని తిరిగేదానివిలే. నాదేమో మైకుసెట్టు అంగడి, పెండ్లొచ్చినా చర్చిలో మీటింగొచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. అయ్యోరి చెవి గురించి గూడూరు దాకా చెప్పుకునేవాళ్ళు. ఇరవై మంది పాడతా ఉంటే ఒక్కరు శృతి తప్పినా సరే, చెయ్యెత్తి ఆపి, "రోజా! నువ్వే!" అని వేలు పెట్టి చూపించేవాడు. ఆ రోజా ఏడ్చేది, నేను బాగానే పాడినానయ్యోరా అని. ఎవురు వింటారు? తర్వాత నేను గమనించింది ఏందంటే, ఆయన భార్య ఆనందకుమారమ్మ కుడిపక్కన నిలబడి ఉంటది గదా, ఆమె కన్ను ఎటు తిరిగితే ఈయన వేలు అటు పోయేది. ఆ వారం బోరింగు కాడ ఆమెతో ఎవురు పోట్లాడితే వాళ్ళకి శృతి తప్పేది! దేవుడి సన్నిధిలో, చూడు!

సరే, ఒక క్రిస్మస్ ముందర ఆయన అల్లుడు బెన్హర్ చెన్నై నుంచి ఇట్టాంటి సెట్టే మోసుకొచ్చినాడు. మామ ఇంట్లో నేనే బిగించినా. పాట పెడితే ఆడోళ్ళ గొంతు ఒక పక్క, మొగోళ్ళది ఒక పక్క, తబలా ఇంకో మూల. బెన్హర్‌కి ఆటయిపోయింది. "కళ్ళు మూసుకోండి మామయ్యా, తబలా ఎటునుంచి వస్తా ఉందో చూపించండి." అయ్యోరు కాఫీ పొలమారినట్టు దగ్గి, లేచి దొడ్లోకి పోయినాడు. వీడు ఊరుకుంటాడా? "ఆదివారం ఆరాధన అయినాక క్వయరంతా ఇంటికి రండి, మామయ్య చెవి సంగతి అందరి ముందరా చూద్దాం" అని చాటింపేసినాడు.

శనివారం పొద్దన్నే, అంగడి తలుపు తీస్తా ఉండా, అయ్యోరొచ్చి నిలబడినాడు. "పెంచలకృష్ణా, నాకు ఎడమ చెవి లేదురా." చూసినా. ఉంది. "ఉంటే ఏం లాభం, చిన్నప్పుడు గవదబిళ్ళలొచ్చి పోయింది. పాటంతా వినపడతాది, ఎటునుంచి వస్తా ఉందో మటుకు తెలీదు. ఇన్నేళ్ళూ వేలు పెట్టి చూపించిన పిల్లోళ్ళ ముందరే రేపు తప్పు పక్కకి చూపిస్తానురా. మళ్ళా నా చేతికి క్వయరు ఎవురిస్తారు? అది లేకపోతే నేనెవురిని?" ఆ మాటంటా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడమ్మా. నాకు బో జాలేసింది. బెన్హర్ నెల్లూరుకి పోయింది చూసి, అయ్యోరు చూస్తా ఉండంగానే ప్లేయరు నుంచి వచ్చే ఎర్ర వైరూ తెల్ల వైరూ కలిపి అతికించేసినా. అంతే, కుడీ లేదు ఎడమా లేదు, ఐదు పెట్టెల్లోనూ ఒకటే పాట.

ఆదివారం అందరూ కళ్ళు మూసుకున్నారు. ఒకడు ఇటు చూపిస్తాడు, ఒకడు అటు, రోజా పైకప్పుకేసి చూపించింది. బెన్హర్ బుర్ర గోక్కుంటా ఉండాడు. అప్పుడు లేచినాడు మన అయ్యోరు. గొంతు సవరించుకొని, "అల్లుడూ, ఇందులో కుడీ ఎడమా కలిసిపోయినాయి. ఎవడో వైర్లు తప్పుగా కలిపినాడు" అన్నాడు! వెనక తీసి చూస్తే నిజమే! చప్పట్లు! ఏం చెవయ్యా, ఏం చెవి! అందరూ నాకేసి తిరిగినారు. పైగా ఆయన దయ చూడు, "పోనీండి, పాపం వాడికి తెలిసింది అంతే, అట్టనే ఉండనీండి" అన్నాడు. నేను నోరు తెరిస్తే ఆయన బతుకు పోతాది. తప్పు నా నెత్తినే వేసుకున్నా. ఆ సీజనంతా పెండ్లిళ్ళకి నన్ను కాదని కొడవలూరు మైకుసెట్టునే పిలిచినారు. తర్వాత పండక్కి ఇంట్లో వండిన గులాబీ పూలు పొట్లం కట్టుకోని నా కాడికొచ్చి, "అందరూ నా తట్టే చూస్తా ఉంటే ఆగలేకపోయినారా" అంటాడు! నోటికొచ్చినట్టు తిట్టినా. నవ్వుతా కూర్చున్నాడు. తీరా చూస్తే నేను కూర్చుంది ఆయనకి ఎడమపక్క.

ఆయన పోయి పన్నెండేళ్ళయింది. జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆ చెవి గురించే సాక్ష్యం చెప్పినారు. ఆనందకుమారమ్మ నా తట్టు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, ఏడుపో నవ్వో. ఎడమ చెవి సంగతి ఆమెకి ఆయన ఎప్పుడూ చెప్పలా, ఆమె అడగలా. ముప్పై ఏళ్ళూ కుడిపక్కనే నడిచింది. వారం తర్వాత పిలిపించి, "ఇప్పుడన్నా ఆ వైర్లు విడదీసెయ్ అన్నా, నీ పేరు బాగుపడనీ" అన్నది. విడదీసినా. అబ్బ, ఎంత బాగా వచ్చిందనుకున్నావ్! ఊరందరినీ పిలిచి వినిపిస్తా ఇప్పుడు అనుకున్నా. ఆమె ఆయన కుర్చీలో కూర్చోని సగం పాట విన్నది.

"కలిపెయ్ అన్నా" అన్నది.

"అదేందమ్మా, ఇదే గదా సరైంది?"

"ఆయనకెట్ట వినపడిందో నాకూ అట్టే వినపడనీ."

కలిపేసినా. ఏం చేసేది... ఊఁ, ఆ టెస్టరు ఇట్టియ్యి. స్టూలు గట్టిగా పట్టుకో, ఊగతా ఉంది.